చెక్కబూటులో పడ్డవి

రైండర్ గురించి చెప్పమంటే మా హోర్న్ ఊళ్లో ఎవరైనా ముందు ఆ చెక్కబూటు సంగతే ఎత్తుకుంటారు. నేనూ దాంతోనే మొదలెడతాను. నేను చేసిన పాడుపని దగ్గరికి తొందరగా రావడం నాకిష్టం లేదు, అదీ కారణం.

ముప్పై ఒక్క ఏళ్లు మా పడమటి కాలువ మీది వంతెన ఎత్తిందీ దించిందీ అతనే. పడవ వచ్చి కూత పెడితే రోడ్డుకి అడ్డుకర్ర దించి, చక్రం తిప్పి వంతెన లేపేవాడు. ఆ తర్వాత పొడుగాటి గాలం కర్ర తీసుకుని, దాని చివర పసుపు రంగు చెక్కబూటు కట్టి పడవ మీదికి చాచేవాడు. పడవవాళ్లు సుంకం నాణెం అందులో పడేసి సాగిపోవాలి. పడవలో పిల్లలుంటే మాత్రం నాణెంతో పాటు ఇంకేదో కూడా పడేది. ఊడిన పాలపన్ను, చొక్కా గుండీ, పీత డొల్ల, తలలేని తగరపు సిపాయి. ఒకసారి పెళ్లి ఉంగరం పడింది. పడవలో మొగుడూ పెళ్లాం ఒకళ్ల మీద ఒకళ్లు విరుచుకుపడుతున్నారట, ఆవిడ వేలు నుంచి లాగి బూటులో విసిరేసిందట. ఎవరో ఒకరు తిరిగొచ్చి అడుగుతారని రైండర్ ఆ ఉంగరాన్ని అలాగే ఉంచాడు. ఎవరూ రాలేదు.

వచ్చిన ప్రతిదాన్నీ ఒక్కో అగ్గిపెట్టెలో పెట్టి దాచాడు. పారెయ్యడానికి చెయ్యి రాదు అతనికి. నోట్లో నాలుక లేని మనిషి, పెళ్లి చేసుకోలేదు, తాగడు, చర్చిలో కూడా వెనక బెంచీలోనే కూర్చుంటాడు. అతనికున్న సరదా అంతా ఆ అగ్గిపెట్టెలే. వేళ్లు దుంపల్లా ఉంటాయి, సన్నగా రాయడం చేతకాదు. అందుకని ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు ఆఫ్కె సైకిలేసుకొచ్చి రాసిపెట్టేది. పాపం మొగుడు పోయిన మనిషి, తపాలాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. అన్న చెబుతుంటే చీమతలకాయంత అక్షరాలతో చీటీ రాసి అగ్గిపెట్టె మూతకి అంటించేది. ఒకటి నాకు నోటికొచ్చు. "యోహన్నా అనే పడవ. ఎర్ర టోపీ పిల్ల. గాజుపెంకు. తనకిది వజ్రమట, జాగ్రత్తగా ఉంచమంది."

నాకు నోటికెలా వచ్చిందంటారా? వస్తున్నా, ఆ కథకే వస్తున్నా.

నా పేరు మార్త్యె. నలభై ఏళ్లు సంతలో చేపలమ్మాను. నోరు పెద్దదని ఊరంతా అంటుంది, అబద్ధం కాదు. మావాళ్లకి ఇంకో పేరు కూడా ఉంది. పెద్ద చెత్త రోజున వీధిలోకి అందరికంటే ముందు దిగేది మేమే. ఆ రోజు పాత కుర్చీలూ పరుపులూ జనం ఫుట్‌పాత్ మీద పెట్టేస్తారు కదా, చెత్తబండి వచ్చేలోపు ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకుపోవచ్చు. ఇందులో సిగ్గేముంది? మా ఇంట్లో భోజనం బల్ల అలా వచ్చిందే, గోడగడియారం అలా వచ్చిందే. మా ఆయన గెర్బెన్ ఒక్కడే దుకాణంలోంచి వచ్చాడని నేను అందరితో అంటుంటాను.

నాలుగేళ్ల కిందట వంతెనలన్నీ ఎక్కడో గదిలో కూర్చుని మీట నొక్కి ఎత్తడం మొదలెట్టారు. రైండర్‌కి సెలవిచ్చేశారు. వంతెన పక్కనే ఉన్న సన్నపాటి ఇల్లు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. సాయానికి ఆఫ్కె వచ్చింది. ఆ ఇంటి మెట్లు నిచ్చెనంత నిటారు, సామానంతా పై కిటికీలోంచి తాడు కట్టి దించాల్సిందే. దించినవన్నీ ఫుట్‌పాత్ మీద పేర్చారు. ఖర్మ కాలి ఆ వీధికి ఆ రోజే పెద్ద చెత్త రోజు. పక్కింటివాళ్ల చిరిగిన సోఫా, విరిగిన మంచం కూడా అక్కడే ఉన్నాయి. నేను సంతకెళ్తూ సైకిలాపాను. సోఫాకీ రైండర్ బట్టల మూటలకీ మధ్య ఒక చెక్కపెట్టె కనబడింది, జున్ను పెట్టే పాత పెట్టె, ఇత్తడి మూలలతో ముద్దొస్తూ ఉంది. చుట్టూ ఎవరూ లేరు, అంతా మేడ మీదున్నారు. ఒక్క కేక వేసి "ఇది ఎవరిదర్రా?" అంటే సరిపోయేది. సంతంతా వినబడేలా అరిచే నా గొంతు ఆ రోజు లేవలేదు. పెట్టె ఎత్తి వెనక కట్టుకుని వెళ్లిపోయాను.

ఇంటికొచ్చి మూత తీస్తే రెండొందల పైచిలుకు అగ్గిపెట్టెలు. ఒక్కో చీటీ చదువుతూ వంటింట్లోనే కూలబడ్డాను. ఇంత ప్రేమగా రాసుకున్నదాన్ని ఎవరూ పారెయ్యరు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. తెలిసి కూడా ఏం చేశాను? "ముసలాడు విసుగెత్తి వదిలించుకున్నాడులే" అని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడు పట్టుకెళ్దాం అనుకున్నాను. మర్నాడు "నిన్న ఎందుకు తీసుకెళ్లావు?" అంటే ఏం చెప్పను అనిపించింది. వారం గడిచాక మొహం చెల్లలేదు. అటక మీద పెట్టేశాను.

ఇక పోయిన చలికాలం. గ్రోనింగెన్ నుంచి ఫెన్నా అనే అమ్మాయి వచ్చింది, బొమ్మలూ అవీ చేసే కళాకారిణి. పాత జున్ను గోదాములో అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. పూర్వం మన షావుకార్లు ఓడల మీద తెప్పించిన వింతలన్నీ ఒక గదిలో పేర్చుకుని వచ్చినవాళ్లకి చూపించుకుని మురిసిపోయేవాళ్లు కదా, కప్పుకి వేలాడే మొసలి, బల్ల మీద రెండు తలల దూడ, పగడం పక్కన పాము కుబుసం. అలాంటి గది ఈసారి షావుకార్లు కాదు, ఊరంతా కలిసి కడదాం అంది. నూట ఇరవై సొరుగుల బీరువా ఒకటి గోడంత పొడుగున. ఇంటికో సొరుగు. ఎవరింట్లో వింత వాళ్లు పెట్టాలి, ఎక్కడిదో చీటీ మీద రాయాలి. తెరిచేరోజు దాకా ఎవరి సొరుగు వాళ్లే చూడాలి, పక్కవాళ్లది చూడకూడదు.

ఊరికి పూనకం వచ్చినట్టయింది. వడ్రంగులు బీరువా చేశారు, ఆడవాళ్లు సొరుగుల్లో పరవడానికి గుడ్డలు కుట్టారు, సైకిళ్ల దుకాణంవాళ్లు పాత టైర్లతో ఇంత పొడుగు మొసలిని చేసి కప్పుకి వేలాడదీశారు. నాకు వచ్చింది అరవై రెండో సొరుగు. మూడు వారాలైనా అది ఖాళీ. మా ఇంట్లో వింతేముంది, వీధిలో ఏరుకొచ్చిన కుర్చీలు తప్ప? పువ్వుల కొట్టు కోబా వాళ్ల ముత్తాత తెచ్చిన నిప్పుకోడి గుడ్డు పెట్టింది. చూడకూడదన్నా చాటింపు వేసుకుంది. నన్ను చూసి, "ఏం మార్త్యె, చేప పొలుసులు పెడతావా? సొరుగు మూసినా వాసనని బట్టి కనిపెట్టేస్తాం!" అంది. గదంతా ఘొల్లుమంది.

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా ఇంటికెళ్లి అటకెక్కాను.

అగ్గిపెట్టెల్లో మంచివి నలభై ఏరాను. ఆఫ్కె రాసిన చీటీల మీద నా చీటీలు అంటించాను. "మా నాన్న వలలో దొరికినవి" అని పెద్ద చీటీ ఒకటి పైన పెట్టాను. మా నాన్న వలలో జలుబు తప్ప ఏమీ పడి ఎరగదు, పాపం. రైండర్ ఊరి చివర ఫ్లాట్‌లో ఉంటున్నాడు, దేనికీ బయటికి రాడు, చూడడులే అనుకున్నాను. అయినా తనే పారేశాడు కదా అని మళ్లీ అదే పాట.

ఫెన్నా ఒక్కతే అన్నీ చూడొచ్చు. నా సొరుగు లాగి చూసి కళ్లు తుడుచుకుంది. "మార్త్యె గారూ, ఈ గదికి ఇదే గుండెకాయ. మీ నాన్నగారు ఎంత మంచి మనిషో!" అంది. నేను "అవునమ్మా" అన్నాను. ఆ ఒక్క ముక్క తల్చుకుంటే ఇప్పటికీ ఒంటి మీద తేళ్లు జెర్రులు పాకినట్టుంటుంది.

తెరవడానికి నాలుగు రోజులుందనగా సొరుగులు తడికి ఉబ్బి బిగుసుకుపోయాయి. "ఒకాయన దొరికాడు, బంగారంలాంటి చేతులు" అంటూ ఫెన్నా ఎవర్నో వెంటబెట్టుకొచ్చింది. చూద్దును కదా, రైండర్! చేతిలో కొవ్వొత్తి ముక్కతో ఒక్కో సొరుగు కింద మైనం రుద్దుతున్నాడు, లోపలికి చూడకుండా మర్యాదగా తల తిప్పుకుని.

ఊరుకోవచ్చుగా నేను? నా నోరు ఊరుకోదు. "ఏమయ్యా రైండర్, అందరి సొరుగులూ తోముతున్నావు, నీ సొరుగేదీ?" అన్నాను.

"నా దగ్గర పెట్టడానికేం మిగిలింది మార్త్యె? ఉన్న ఒక్కటీ ఆఫ్కె ఇల్లు మారిన రోజున చెత్తలో పెట్టేసింది."

"ఆఫ్కె పెట్టిందా?"

"ఇంకెవరు పెడతారు? ఎప్పుడూ నీ చెత్త, నీ చెత్త అనేది. ఆ రోజు పొద్దున కూడా 'ఈ చెత్త కూడా మోసుకెళ్తావా?' అంది. సాయంత్రానికి పెట్టె లేదు. నేను పెట్టలేదని ఒట్టేసింది. నమ్మలేదు. ఇక నా గుమ్మం తొక్కొద్దన్నాను."

"నాలుగేళ్లయిందా మాట్లాడుకుని?"

"నాలుగేళ్ల రెండు నెలలు," అని మైనం రుద్దుకుంటూ అరవై రెండు దగ్గరికి వచ్చాడు, రుద్దాడు, అరవై మూడుకి వెళ్లాడు.

అన్నాచెల్లెళ్లు ఎడమొహం పెడమొహంగా ఉన్నారని ఊళ్లో నాకూ తెలుసు. వాళ్లమ్మ గడియారం గురించి అని ఎవరో అంటే సరే అనుకున్నాను. నా సైకిలు మీద పోయిన పెట్టె గురించని నాకెవరు చెబుతారు?

ఇంటికెళ్లి గెర్బెన్‌కి అంతా కక్కేశాను. సొరుగు ఖాళీ చేసి, పెట్టె తీసుకెళ్లి ఎవరూ చూడకుండా రైండర్ గుమ్మంలో పెట్టేస్తానన్నాను. గెర్బెన్ బంగాళదుంపలు ఒలుస్తూ తలెత్తలేదు.

"పెట్టు. ఇన్నాళ్లూ ఆఫ్కె దాచుకుని ఇప్పుడు భయపడి తెచ్చి పెట్టిందనుకుంటాడు. ఆవిడ మెడకి రెండో ఉరి నువ్వే బిగించు."

"మరేం చెయ్యను?"

"నోరుందిగా. చేపలమ్మడానికేనా అది?"

మర్నాడు వెళ్లాను. రైండర్ తలుపు తీసి, ఎవరో రాక రాక వచ్చారన్నట్టు మురిసిపోయాడు. ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి తను మంచం మీద కూర్చున్నాడు. కిటికీలోంచి కాలువ కనబడదు, కార్లు నిలిపే స్థలం కనబడుతుంది. "ఇక్కడ ఏదీ దాటి వెళ్లదు మార్త్యె. అన్నీ వచ్చి ఆగిపోతాయి" అన్నాడు. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. కొవ్వొత్తి మైనం మంచిదా, సబ్బు మంచిదా అని అడిగి, అరగంట దాని గురించే విని, లేచి వచ్చేశాను. సిగ్గులేని జన్మ. ఆ తర్వాత రెండు రోజులు అతను గోదాములో ఎదురైతే పనున్నట్టు పక్కకి తప్పుకున్నాను. సొరుగు ఖాళీ చెయ్యడానికీ చేతులాడలేదు. ఫెన్నా ఏమంటుంది, కోబా ఎంత నవ్వుతుంది, ఇదీ నా బాధ. అంత జరిగాక కూడా నాకు కోబా నవ్వే పెద్దదైంది, చూడండి.

తెరిచే రోజు గోదాము కిటకిటలాడింది. గంట కొట్టగానే జనం సొరుగులు లాగడం మొదలెట్టారు, ఆహా ఓహో అంటున్నారు. రైండర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏ సొరుగైనా బిగుసుకుందేమోనని ఒక్కోటీ లాగి చూస్తున్నాడు. యాభై తొమ్మిది. అరవై. నేను మొసలి కింద నిలబడి ఉన్నాను. అరవై ఒకటి.

అరవై రెండు లాగాడు.

ముందు ఊరికే చూశాడు. తర్వాత ఒక అగ్గిపెట్టె తీసుకున్నాడు. ఆ దుంపల్లాంటి వేళ్లలో ఒక గోటితో నా చీటీ అంచు పట్టి మెల్లిగా లేపాడు. కింద చీమతలకాయంత అక్షరాలు కనబడ్డాయి. తలెత్తి గదంతా వెతికాడు, నేను దొరికాను.

"మార్త్యె, ఇది మీ నాన్న వలలో పడిందా?"

కోపంగా అడగలేదు. నిజంగానే, ఏమైనా పొరపాటు ఉందేమో అన్నట్టు అడిగాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

"కాదు రైండర్. మీ ఇంటి ముందు ఫుట్‌పాత్ మీంచి నేనే తీసుకెళ్లాను. పెద్ద చెత్తలోది అనుకున్నాను. అంటే... అనుకున్నానని చెప్పుకున్నాను. నీదేనని ఆ రోజే తెలుసు. ఇవ్వడానికి మొహం లేక దాచేశాను. మిగతావి పెట్టెతో సహా మా అటక మీదే ఉన్నాయి."

కోబా నవ్వలేదు. ఫెన్నా తల దించుకుంది. రైండర్ సొరుగుకేసి చూస్తూ, "అయితే ఆఫ్కె కాదు" అన్నాడు. మళ్లీ, "ఆఫ్కె కాదు" అన్నాడు. ఆ నలభై అగ్గిపెట్టెలూ ఒక గుడ్డసంచిలో వేసుకుని, "నాతో రా. నేను చెబితే ఏం బావుంటుంది, నువ్వే చెప్పాలి" అన్నాడు.

వాన పడుతోంది. ఆఫ్కె ఇల్లు రెండు వీధుల అవతల. దారంతా అతను నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. డెబ్బై ఏళ్ల మనిషి, పరిగెత్తినంత పని చేశాడు. నేను వెనక రొప్పుకుంటూ, చెబితే అయిపోతుంది, చెబితే వాళ్లిద్దరూ కలిసిపోతారు, ఆ తర్వాత నన్నేమన్నా పర్లేదు అనుకుంటూ పోయాను. కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది, ఎందుకు దాచాలి.

తలుపు ఆఫ్కె తీసింది. అన్నని చూసి మొహంలో ఏమీ కదల్లేదు. రైండర్ సంచి చూపించాడు. నన్ను ముందుకు తోశాడు. నేను చెప్పాను. మొదట్నించి చివరిదాకా, అటకా, చీటీలూ, మా నాన్న వలా, ఏదీ వదలకుండా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపకుండా వింది. నేను చెప్పడం అయిపోయాక అన్న వైపు తిరిగింది.

"నేను పెట్టలేదని ఆరోజు చెప్పాను. అమ్మ మీద ఒట్టేశాను. ఆ చీటీలన్నీ రాసింది నేను. నా మాట చాలలేదు నీకు. ఇప్పుడు ఈ చేపలావిడ మాట చాలిందా?"

"ఆఫ్కె, పెట్టె దొరికింది కదా..."

"దొరికింది కనక వచ్చావు. దొరక్కపోతే రావు. నేను చచ్చినా రావు."

రైండర్ సంచిని రెండు చేతులా పొట్టకి అదుముకుని నిలబడ్డాడు. వాన నీళ్లు ముక్కు మీంచి కారుతున్నాయి. నేను కల్పించుకుని, "అమ్మా ఆఫ్కె, తప్పంతా నాది, కొట్టాలనుంటే నన్ను కొట్టు, ఆయన్నేమీ..." అన్నాను.

"నువ్వు లోపలికి రా మార్త్యె, తడిసిపోయావు" అంది. "నువ్వు తీసుకెళ్లింది ఒట్టి పెట్టెనే."

నేను రైండర్ వైపు చూశాను. "వెళ్లు" అన్నాడు. నేను లోపలికెళ్లాను, నా వెనక ఆవిడ తలుపేసింది.

నా కోటు తీసి గది వెచ్చబెట్టే వేడిగొట్టం మీద ఆరేసింది. కాఫీ కాచింది. బిస్కెట్ల డబ్బా మూత తీసి ఒకటి తీసుకోమంది. కిటికీకి తెర లేదు. అవతల గోడ వారగా రైండర్ అలాగే నిలబడి ఉన్నాడు, సంచి తడవకుండా కోటు లోపల పెట్టుకుని. ఆవిడ కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. ఆయన వెళ్లలేదు ఇంకా, అని చెప్పాను.

"పంచదార ఎన్ని చెంచాలు?" అనడిగింది.

అలవాటు కొద్దీ "రెండు" అని నోటికొచ్చేసింది. ఆవిడ రెండు చెంచాలు వేసి, కలిపి, కప్పు నా చేతికిచ్చింది. ఆయన్ని చూస్తూనే ఆ కాఫీ మొత్తం తాగాను.